దవడ పన్నూ దసరా అలకా

చిన్నపిల్లలకు పన్ను వస్తే ఇల్లంతా పండుగ. చిగురు తడిమి చూసి ఇరుగుపొరుగుకు చెప్పుకుంటారు. పాలపన్ను ఊడితే దానికీ ఒక మర్యాద ఉంది, పేడలో చుట్టి ఇంటికప్పు మీదికి విసురుతారు. ముసలివాళ్ళకు పళ్ళు ఊడితే అయ్యో అని జావ కాచి ఇస్తారు. ఈ రెండింటి మధ్య, మీసాలు వచ్చిన మనిషికి దవడ చివర మూలలో కొత్తగా పన్ను మొలిస్తే మాత్రం అడిగే దిక్కు లేదు. దానికి పండుగా లేదు, పరామర్శా లేదు. చెప్పుకుంటే పైగా నవ్వుతారు.

నాకు ఇరవై దాటాక మొదలైంది ఈ పీడ. మాది దౌల్తాబాద్ పక్కన ఒక పల్లె. ఎడమవైపు కింది దవడలో, ఇక పళ్ళు అయిపోయాయనుకున్న చోట, చిగురు గట్టిపడి సలపడం మొదలుపెట్టింది. పది రోజులు సలిపేది, రెండు నెలలు ఊరుకునేది. పోయింది పీడ అని నేను జొన్నరొట్టె ఆ వైపుకు తిప్పగానే, నేనింకా ఉన్నానని మళ్ళీ లేచేది. అద్దంలో చూస్తే ఏమీ కనబడదు. వేలు పెడితే మాత్రం బియ్యపుగింజంత ముక్క తగిలేది. ఏడాది గడిచినా ఆ గింజ గింజగానే ఉంది. వస్తే రావాలి, రాకపోతే మానాలి. గడప మీద నిలబడి లోపలికీ రాక బయటికీ పోక సతాయించే చుట్టాన్ని ఎవరు భరిస్తారు?

మా అవ్వ లవంగం పెట్టమంది. మా బాపు నేను వేపపుల్ల సరిగ్గా నమలకపోవడం వల్లే ఇదంతా అన్నాడు. ఆయన దృష్టిలో నాకు వచ్చే ప్రతి రోగానికీ నా బద్ధకమే కారణం. ఊరి బడిలో ఉర్దూ చెప్పే పంతులు ఒక్కడే దాన్ని గుర్తుపట్టి, అది అకల్ దాడ, అంటే తెలివిపన్ను అనీ, మనిషికి తెలివి వచ్చే వయసులో వస్తుందనీ చెప్పాడు. మా బాపు సావధానంగా విని, "గట్లయితే వీనికి ఇంక శానేండ్లు పడ్తది" అన్నాడు. మా ఇంట్లో సానుభూతి అంటే ఇంతే.

ఈ సంగతి ఇలా ఉండగానే నాకు పెళ్ళి కుదిరింది. పిల్ల సిద్దిపేట పిల్ల. ఆమె తండ్రికి ఊళ్ళో ఇనుపసామాన్ల దుకాణం. నాగలికర్రులు, గొలుసులు, గొడ్డళ్ళు, బొక్కెనలు అన్నీ అక్కడే. మాటలు కలుపుకోవడానికి వాళ్ళు మా ఇంటికి వచ్చినప్పుడు, నాకు కాబోయే మామగారి తల్లి కూడా బండిలో వచ్చింది. ఆ ముసలమ్మ అందరిలా పొలమెంత, పాడెంత అని అడగలేదు. తనతో తెచ్చిన చెరుకుగడ నా చేతికిచ్చి, కత్తి వద్దు, పళ్ళతోనే చీల్చి తినమంది. ఎద్దును కొనేముందు పళ్ళు చూస్తారని తెలుసు కానీ అల్లుడికీ ఆ పద్ధతి ఉందని నాకు తెలియదు. అదృష్టం బాగుండి అది నా పన్ను ఊరుకున్న కాలం. గడ మొత్తం కుడివైపుతో చీల్చి పారేశాను. ముసలమ్మ మురిసిపోయి, పళ్ళు గట్టివాడు, పిల్లను ఇవ్వచ్చని తీర్పు చెప్పింది. అంటే నాకు పెళ్ళయిందే పళ్ళ మీద.

ఎండాకాలంలో పెళ్ళి జరిగింది. పెళ్ళి తర్వాత పిల్ల పుట్టింట్లోనే ఉండిపోయింది. దసరాకు అల్లుడిని పిలుస్తారు. పండుగ చేసి, పిల్లను వెంట పంపుతారు. అప్పుడే కాపురం మొదలు. పెళ్ళిపీటల మీద నేను ఆమెను చూసింది తక్కువ, తలంబ్రాల బియ్యాన్ని చూసింది ఎక్కువ. అందుకని దసరా ఎప్పుడొస్తుందా అని నాకు ఆత్రంగా ఉండేది. ఈ మాట అప్పట్లో ఎవరితోనూ అనలేదు, ఇప్పుడు అనడానికి సిగ్గు లేదు.

మా బామ్మర్ది కచ్చురం తీసుకుని నన్ను పిలవడానికి వచ్చాడు. కచ్చురం అంటే గూడు కట్టిన ఎడ్లబండి. సిద్దిపేట దారి పొడుగునా గుంటలే. ఒక్కో గుంటలో చక్రం దిగినప్పుడల్లా నా పైపళ్ళు వెళ్ళి కిందిపళ్ళకు కొట్టుకున్నాయి. ఊరు చేరేసరికి మూలనున్న పన్ను నిద్రలేచింది. వాకిట్లో కాళ్ళకు నీళ్ళిస్తూ, తలెత్తకుండానే, "బండ్ల నడుము నొచ్చిందా?" అని ఆమె మెల్లగా అడిగింది. మా ఇద్దరి మధ్య అదే మొదటి మాట. నడుము కాదు పన్ను అని చెప్పి ఉంటే ఈ కథే లేదు. లేదన్నట్టు తలూపి లోపలికి వెళ్ళాను.

మర్నాడు దసరా. తెల్లవారేసరికి నా దవడ బిగుసుకుపోయింది. వేలు దూరేంత సందు కంటే ఎక్కువ తెరుచుకోదు. గుటక వేస్తే చెవిదాకా పోటు. మా అత్తగారు పీట వేసి, కంచంలో అన్నం, గారెలు, మేకను కోసి వండిన యాటకూర వడ్డించి, పైన ఒక పెద్ద నల్లిబొక్క పెట్టింది. మా వైపు నల్లిబొక్క ఇంటిపెద్దకో, అల్లుడికో తప్ప పడదు. దాన్ని చప్పరించి, కొరికి, మూలుగ పీల్చి, కంచం మీద టకటక కొడితే అల్లుడు తృప్తిగా తిన్నట్టు లెక్క. దాని వైపు చూస్తే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్నీ ఉన్నాయి కానీ అల్లుడి నోట్లో శని అని పెద్దలు ఊరికే అన్నారా! ఎదురుగా తలుపు పక్కన ముసలమ్మ కూర్చుని నా నోటినే చూస్తోంది. చెరుకుగడతో గెలిచిన పిల్లను నల్లిబొక్కతో పోగొట్టుకోవడం ఎలా? పళ్ళు మంచివని నమ్మి ఇచ్చినవాళ్ళకు, పండుగనాడు, నాకు పంటినొప్పి అని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? తేలు కుట్టిన దొంగలా లేచి, చెయ్యి కడుక్కుని, వసారాలో మంచం మీద కూర్చున్నాను. నొప్పికి దవడ కింద చెయ్యి దానంతట అదే వెళ్ళింది.

అన్నం ముట్టలేదు. మాట్లాడలేదు. చెంపకు చెయ్యి పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఇంతకంటే స్పష్టంగా ఏ అల్లుడూ అలగలేడు.

అలక సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు చెప్పాలి. మొదటి పండుగకు వచ్చిన అల్లుడు అత్తగారింట్లో అలగడం తప్పు కాదు, హక్కు. ముఖం తిప్పుకుని కూర్చుంటాడు. అత్తగారి వైపువాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, ఏం కావాలో ఊహించి, ఇస్తామని ఒప్పుకుని, లేపి అన్నం తినిపించాలి. అల్లుడు నోరు తెరిచి అడగడం మర్యాద కాదు. కావలసినది వినబడేదాకా తల అడ్డంగా ఊపుతూ ఉండాలి, వినబడగానే నిలువుగా ఊపాలి. ఆ ఏడాదే మా మామగారి వాడకట్టులో ఒక అల్లుడు ఇలా తల ఊపీ ఊపీ గ్రామఫోను పెట్టె పట్టుకుపోయాడట. ఆ దెబ్బకు ఆడపిల్లల తండ్రులందరూ దసరా అంటే భయపడుతుండేవారు.

మొదట మా బామ్మర్ది వచ్చాడు. మంచం చివర కూర్చుని, జరీ అంచు ధోతి మీద మనసుందా అని అడిగాడు. లేదు, నాకేమీ వద్దు అని తల అడ్డంగా ఊపాను. అతను లోపలికి వెళ్ళి ధోతి కాదట అని చెప్పాడు. తర్వాత మా అత్తగారు తలుపు చాటు నుంచి ఉంగరం అంది. మళ్ళీ ఊపాను. ఉంగరమూ కాదట. నాకు అప్పుడు గానీ వ్యవహారం బోధపడలేదు. కంగారుపడి, నేను అలగలేదు అని చెప్పబోయాను. పళ్ళు విడివడక ఆ మాట పళ్ళ సందుల్లోంచి గుర్రుమంటూ వచ్చింది. మా బామ్మర్ది వెనక్కి జరిగి, బావ పండ్లు కొరుకుతున్నాడని ఇంట్లో చెప్పాడు. దాంతో ధోతి, ఉంగరం స్థాయి దాటి చేతిగడియారం బయటికి వచ్చింది.

నేను ఎంత వద్దంటే అంత పెరిగింది. రెండో రోజుకు మా మామగారే వచ్చారు. మంచి మనిషి, మాటకారి, దుకాణంలో గొడ్డలి బేరం చేసినంత ఓపికగా నాతో బేరం మొదలుపెట్టారు. చేతిగడియారానికి తల అడ్డంగా ఊపాను. పాడిబర్రెకు ఊపాను. చేతులతో చెబుదామని దవడ వైపు చూపించాను. ఆయన అది చూసి, ముఖం చూపించుకోలేకపోతున్నాను అంటున్నాడు కాబోలు అనుకున్నారు. ఆఖరికి గొంతు తగ్గించి సైకిల్ అన్నారు. అది పెద్ద లడాయి, ప్రపంచయుద్ధం నడుస్తున్న కాలం. సైకిల్ కాదు కదా, సైకిల్ టైరు కావాలన్నా హైదరాబాదులో కాళ్ళు పట్టుకోవాలి. ఆయన నోట ఆ మాట వినేసరికి నాకు గుండె ఆగినంత పనై తల ఊపడం మరిచిపోయాను.

తల ఊపకపోతే ఒప్పుకున్నట్టే. ఇంట్లో గుప్పుమంది. అల్లుడికి సైకిల్ కావాలట. తాలూకా కచేరిలో పనిచేసే గుమాస్తా ఒకాయన బదిలీ మీద పోతూ సైకిల్ అమ్మజూపుతున్నాడని తెలిసి, మా బామ్మర్ది అటు పరుగెత్తాడు. నేను గుక్కెడు పల్చటి మజ్జిగతో, బిగుసుకున్న దవడతో మంచం మీద మిగిలాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

ఆ మధ్యాహ్నం ఆమె వచ్చింది. కొత్త కోడళ్ళూ కొత్త పెళ్ళికూతుళ్ళూ పట్టపగలు మొగుడి దగ్గరికి ఒంటరిగా వచ్చే కాలం కాదు. వచ్చిందంటే తెగించే వచ్చింది. గడపకు ఇవతల నిలబడి, ఈసారి తల ఎత్తే, నా ముఖంలోకి చూసి మాట్లాడింది.

"మా వాడకట్టు పిల్లలందరికి చెప్పిన, ఈయన అలిగేటోడు కాదని. నా మాట మన్నుల గల్పిన్రు. మా నాయిన సైకిల్ తెస్తుండు. తెచ్చినంక ఆ సైకిలెక్కి మీరొక్కరే పోన్రి. నేను రాను."

నాకు ఏడుపొచ్చింది. పన్ను కోసం కాదు. ఆమె రానంటే నేను ఊరికి ఏ ముఖంతో వెళతానన్నది కూడా కాదు. వాకిట్లో నడుము నొచ్చిందా అని అడిగిన ఆ గొంతు ఇక నాతో అలా మాట్లాడదేమో అని భయం వేసింది. వెళ్ళిపోతున్న మనిషి చెయ్యి పట్టుకున్నాను. పెళ్ళిలో పాణిగ్రహణం తర్వాత మళ్ళీ అదే పట్టుకోవడం. మాటలతో పని కాదని, ఆమె చూపుడువేలు తీసుకుని, నోరు తెరుచుకున్నంత తెరిచి, మూలనున్న ఆ పన్ను మీద పెట్టాను. అక్కడిదాకా బాగానే ఉంది. వేలు తగలగానే పోటు నెత్తికెక్కి, నా దవడ టక్కున మూసుకుంది.

ఆమె కేకకు ఇల్లంతా వసారాలో ఉంది. అల్లుడు పిల్లను కరిచాడు! సైకిల్ కోసం కరిచాడు! గ్రామఫోను అల్లుడు కూడా ఇంత పని చేయలేదు. మా మామగారు స్తంభం పట్టుకున్నారు. అత్తగారు ఏడుపు అందుకుంది. ఆ గోలలో ఆమె మాత్రం వేలు చీరకొంగులో చుట్టుకుని, నా వైపు వింతగా చూస్తూ, "అలుగలే. పల్లొస్తుంది" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఇరవై రెండేళ్ళవాడికి పన్ను రావడమేమిటి? ముసలమ్మ అందరినీ తోసుకుని ముందుకు వచ్చి, నా గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి, ఆ సందులోంచే చూసింది. ఇక తిడుతుంది, చెరుకుగడ నాటి మోసం బయటపడిందని బిక్కచచ్చిపోయాను. ఆమె అడిగింది వేరు. పన్ను పైదా, కిందిదా? పసిబిడ్డకు పైపన్ను ముందొస్తే మేనమామకు కీడని మనవాళ్ళ నమ్మకం. పిల్లనిచ్చిన మామ మేనమామ ఎలా అవుతాడని బామ్మర్ది అడిగితే, మామంటే మామే అని నోరు మూయించింది. కిందిదే అని తేలాక కూడా అనుమానం తీరక, ఇనుప దుకాణం యజమాని అంతటి మనిషిని కూర్చోబెట్టి, కీడు పోవాలని నూనెగిన్నెలో ముఖం చూపించి, కొబ్బరికాయ కొట్టించింది. మా మామగారు నూనెలో తన మీసాలు చూసుకుంటూ నావైపు ఒక చూపు చూశారు. ఆ చూపులో ఏముందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత నేను అల్లుణ్ణి కాను, చంటిపిల్లాణ్ణి. గారెలు, కూరలు పోయి మెత్తటి జొన్నగటక వచ్చింది. వాడకట్టు ఆడవాళ్ళు పన్ను చూడటానికి వచ్చారు. మా మామగారు దుకాణం నుంచి పట్కార పట్టుకొచ్చి ఒక్క గుంజుతో అయిపోతుందన్నారు. బామ్మర్ది అడ్డుపడి నన్ను హకీం సాబ్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన చూసి, పటికనీళ్ళు పుక్కిలించమని చెప్పి, ఈ పన్నుకు తొందర ఉండదు, మనకూ ఉండకూడదన్నాడు. ఆ మాట ఆ తర్వాత ఏళ్ళ తరబడి నిజమైంది. ఆ పన్ను పూర్తిగా పైకి రావడానికి మాకు పెద్దకొడుకు పుట్టి నడక నేర్చినంత కాలం పట్టింది. పైకి వచ్చాక కుడివైపుది మొదలైంది. పైవి రెండూ మొదలైనప్పుడు ఊళ్ళల్లో ఏమేం గొడవలు జరిగాయో, ఏ రాజ్యాలు మారాయో, నాకు దవడనొప్పితో కలిసే గుర్తున్నాయి. లోకం వాటిని ఇంకోలా చెప్పుకుంటుంది. నాలుగోది సగం చిగురు కింద ఇప్పటికీ పడుకునే ఉంది. తిండిగింజ ఇరికితే లేస్తుంది, లేకపోతే నా జోలికి రాదు. నేనూ దాని జోలికి పోను. కాపురం చేసినవాళ్ళకు ఈ సర్దుబాటు కొత్త కాదు.

పటికనీళ్ళతో దవడ రెండువేళ్ళ మందం తెరుచుకుంది. ప్రయాణం నిశ్చయమైంది. ఆ ముందురోజు, పసుపుగుడ్డ కట్టిన వేలితోనే నాకు గటక గిన్నె అందిస్తూ ఆమె అంది: "పల్లు నిజమే. సైకిల్ సంగతే నాకింక తెల్వది."

నిజమే కదా. పన్ను నొప్పి ఉన్నవాడికి సైకిల్ ఆశ ఉండకూడదని ఎక్కడుంది? సైకిల్ అన్న మాటకు నేను తల అడ్డంగా ఊపలేదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రాత్రి పన్ను ఊరుకున్నా నాకు నిద్ర లేదు.

తెల్లవారి కచ్చురం వాకిట్లో నిలబడింది. ఆమె పెట్టె, ఒడిబియ్యం, తీపి గరిజెల డబ్బా బండిలో సర్దారు. వాడకట్టంతా సాగనంపడానికి వచ్చింది. అప్పుడు మా బామ్మర్ది పక్కసందులోంచి సైకిల్ నడిపించుకొచ్చాడు. పన్ను సంగతి తెలిసినా మామగారు బేరం వదల్లేదు. ఇస్తానన్న మాట వాడకట్టంతా విన్నది. ఇవ్వకపోతే ఆయన పరువేం కావాలి? నల్లగా నిగనిగలాడుతోంది సైకిల్. గంట ఉంది, లాంతరు ఉంది. అబద్ధమెందుకు, మనసు లాగింది. దౌల్తాబాద్ చుట్టుపక్కల అలాంటిది ఎవరికీ లేదు. మామగారు సైకిల్ పిడి తెచ్చి నా చేతిలో పెట్టారు. నేను ఆమె వైపు చూశాను. బండి పక్కన నిలబడి ఉంది, ఇంకా ఎక్కలేదు.

రెండువేళ్ళ సందులోంచి ఎంత నిదానంగా అనగలనో అంత నిదానంగా, అందరికీ వినబడేటట్టు అన్నాను.

"మామా, నాకేం వద్దు. ఆమె వస్తె సాలు."

ఆ రోజుల్లో మగవాడు పదిమందిలో అనే మాట కాదది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముసలమ్మ సిగ్గులేనివాడని తిట్టి, మళ్ళీ తనే నవ్వింది. మామగారు మాత్రం కదల్లేదు. అల్లుడిని ఉత్తచేతులతో పంపితే రేపు దుకాణంలో తన ముందే నవ్వుతారని, తీసుకోవలసిందేనని పట్టుబట్టారు. సైకిల్ పిడి ఆయన వదలరు, నేను పట్టుకోను. అది మా మధ్య వాలిపోతూ నిలబడింది. అప్పుడు ఆమె వచ్చి సైకిల్‌ను తన తండ్రి వైపుకు తోసింది.

"నాయినా, దీన్ని దుకాణంల పెట్టుకో. ఈయన అలిగితె ఎట్లుంటడో నేనింక సూడలే. సూసిననాడు నేనే వచ్చి తీస్కపోత."

అని వెనక్కి చూడకుండా వెళ్ళి బండెక్కి కూర్చుంది. నోరు పూర్తిగా తెరుచుకుని ఉంటే నేను పెద్దగా నవ్వి ఉండేవాణ్ణి. అంత వీలు లేకపోయేసరికి కళ్ళలో నీళ్ళు బొటబొట కారాయి. అయ్యో, పన్ను మళ్ళీ సలుపుతున్నట్టుందని అందరూ అన్నారు. అవునని తలూపి బండెక్కాను.